పని నేర్చుకునే చోటు
పి.వి. నరసింహారావు స్మారక ఉపన్యాసం, కరీంనగర్



పాములపర్తి వెంకట నరసింహారావు గారి పేరు మీద జరిగే సభల్లో 1991 ఆర్థిక సంస్కరణల మాట వస్తుంది. భూసంస్కరణల మాట వస్తుంది. ‘వేయిపడగలు’ నవలను ‘సహస్రఫణ్’ పేరుతో హిందీలోకి తెచ్చిన ఆయన పాండిత్యం గురించి కూడా మాట్లాడుకుంటాం. ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని ప్రోగ్రాములు రాసిన సంగతి మాత్రం అరుదుగా వినిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ పని చేసి బతికేవాణ్ని కాబట్టి నేను ఆ సంగతితోనే మొదలుపెడతాను.

అరవై దాటాక ఓనమాలు

వంగరలో పెరిగి, మంథని నుంచి 1957 మొదలు ఇరవై ఏళ్లు శాసనసభకు వెళ్లిన మనిషి ఆయన. 1980ల నడుమ రాజీవ్ గాంధీ మంత్రివర్గంలో ఉన్నప్పటికి వయసు అరవై దాటింది. దేశంలోకి కంప్యూటర్లు వస్తున్నాయి, పాతతరం నాయకులకు అవి అర్థం కావు అన్న మాట ఆయన చెవిన పడింది. కొడుకు చేత హైదరాబాద్ నుంచి ఒక కంప్యూటర్ తెప్పించుకున్నారు. మాన్యువళ్లు ముందు పెట్టుకుని సాధన చేశారు. కోబాల్, బేసిక్ భాషలు నేర్చుకుని, యూనిక్స్ మీద ప్రోగ్రాములు రాసే దాకా వెళ్లారు. ఆయన జీవితచరిత్ర రాసిన వినయ్ సీతాపతి ఈ సంగతిని వివరంగా నమోదు చేశారు.

కేంద్రమంత్రికి కోడ్ రాయాల్సిన అవసరం ఏముంది? రాసిపెట్టేవాళ్లు ఎందరైనా దొరుకుతారు. అయినా ఆయన తన చేత్తో రాశారు, తప్పులు చేశారు, దిద్దుకున్నారు. ఒక విద్య లోపల ఏముందో తెలియాలంటే దాన్ని చేసి చూడాలన్నది ఆయన నమ్మకం. పదిహేనుకు పైగా భాషలు నేర్చుకున్నది కూడా ఆ నమ్మకంతోనే.

ఆయన జీవితంలో ఇంకొకటి ఉంది. తాను నేర్చుకోవడంతో ఆగలేదు, పల్లెటూరి పిల్లలు నేర్చుకునే చోట్లు కట్టించారు. 1971లో ఆయన ముఖ్యమంత్రిగా ఉండగా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. 1986 విద్యావిధానంతో నవోదయ విద్యాలయాలు వచ్చినప్పుడు విద్యాశాఖను చూసే కేంద్రమంత్రి ఆయనే. చొప్పదండిలో, కాగజ్‌నగర్‌లో నవోదయల్లో చదివిన పిల్లలు ఇవాళ ప్రపంచంలోని పెద్ద పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థల్లో ఉన్నారు. ఆ పిల్లల తెలివిని ఆయన పుట్టించలేదు. ఆ తెలివికి పదును పెట్టుకునే చోటు చూపించారు. ఈ రోజు నేను మాట్లాడేది అలాంటి చోటు గురించే.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. కోడ్ రాసే యంత్రాలు వచ్చాయి. అవి ఎంతమంది ఉద్యోగాలు తీస్తాయన్న చర్చ రోజూ నడుస్తోంది. మన జిల్లాల పిల్లలకు అంతకన్నా దగ్గరి ప్రమాదం మరొకటుంది. ఉద్యోగంలో చేరి పని నేర్చుకునే మొదటి చోటు కరిగిపోతోంది. మార్కెట్ దాన్ని తనంత తానుగా మళ్లీ కట్టివ్వదు. మనం పూనుకుంటేనే అది నిలుస్తుంది.

జీతమిచ్చి నేర్పిన రోజులు

1991 జూన్‌లో పి.వి. ప్రధానమంత్రి అయ్యారు. సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థ ఏర్పడింది కూడా ఆ నెలలోనే. ఆ దశాబ్దం చివరికి 2000 సంవత్సరపు తేదీల సమస్య వచ్చింది. పాత కోబాల్ ప్రోగ్రాముల్లో రెండంకెలతో రాసిన సంవత్సరాన్ని నాలుగంకెలకు మార్చడానికి ప్రపంచానికి వేలాది మంది కావాల్సి వచ్చారు. కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, నిర్మల్‌లలో బస్సులెక్కి కుర్రవాళ్లు హైదరాబాద్‌లోని అమీర్‌పేటలో దిగారు. మైత్రీవనం చుట్టూ గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉండి కోర్సులు చేశారు. చాలామంది అక్కణ్నుంచి అమెరికా దాకా వెళ్లారు.

తర్వాత కాలేజీలే మన దగ్గరికి వచ్చాయి. 2007లో జగిత్యాల జిల్లా నాచుపల్లిలో జేఎన్‌టీయూ కాలేజీ, 2008లో బాసరలో ట్రిపుల్ ఐటీ, అదే ఏడు కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం, ఆ వెంటనే మంథనిలో మరో జేఎన్‌టీయూ కాలేజీ. ఫీజు రీయింబర్స్‌మెంటు మొదలైంది కూడా ఆ రోజుల్లోనే. బీడీలు చుట్టే తల్లుల పిల్లలు, మగ్గం నేసే ఇళ్ల పిల్లలు, బొగ్గుబాయి దిగే కార్మికుల పిల్లలు బీటెక్‌లో చేరారు. 2020 జులైలో కరీంనగర్‌లో ఐటీ టవర్ తెరిచారు. ఆదిలాబాద్ వంటి మారుమూల పట్టణంలో కూడా స్థానిక యువతతో బీడీఎన్‌టీ ల్యాబ్స్ సాఫ్ట్‌వేర్ పని నడిపి చూపించింది.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి. ఈ పిల్లల్లో ఎక్కువమంది కాలేజీలో పని నేర్చుకోలేదు. కాలేజీ పట్టా ఇచ్చింది. పని నేర్పింది కంపెనీ. మన ఐటీ సేవల కంపెనీల నిర్మాణం పిరమిడ్‌లా ఉండేది. పైన కొద్దిమంది అనుభవజ్ఞులు, అడుగున వేలమంది ఫ్రెషర్లు. విదేశీ క్లయింటుకు మనుషుల లెక్కన, గంటల లెక్కన బిల్లు వేసేవారు. ఫ్రెషర్‌కు ఇచ్చే పనులు చిన్నవి. ఎవరో రాసిన కోడ్‌లో చిన్న బగ్ సరిచేయడం, టెస్టులు రాయడం, ఒక రిపోర్టులో ఒక నిలువు వరుస చేర్చడం, రాత్రి షిఫ్టులో టికెట్లు చూడటం. వినడానికి ఇవి పెద్ద పనులు కావు. కానీ ఆ చిన్న పనుల మీదుగానే ఒక బ్యాంకు వ్యవస్థ ఎలా నడుస్తుందో, ఒక తప్పు ఎక్కడ పుట్టి ఎక్కడ తేలుతుందో కుర్రవాడికి అర్థమయ్యేది. రెండు మూడేళ్లకు అతను మరొకరికి నేర్పగలిగేవాడు.

ఈ చదువుకు ఖర్చు ఎవరు పెట్టారు? క్లయింటు పెట్టాడు, తనకు తెలియకుండా. కంపెనీ దాతృత్వంతో నేర్పలేదు. చిన్న పనులకు మనుషులు కావాలి కాబట్టి తీసుకుంది, ఆ మనుషులు పని చేస్తూ చేస్తూ నేర్చుకున్నారు. నేర్చుకోవడం బిల్లులో దాగి ఉన్న ఖర్చు. ఫ్రెషర్ ప్యాకేజీ పదేళ్లకు పైగా మూడున్నర లక్షల చుట్టుపక్కలే తిరుగుతున్నా మన ఇళ్లలో ఎవరూ దాన్ని కాదనుకోలేదు. జీతం ఇస్తూ పని నేర్పే చోటు వేరే ఎక్కడా లేదు.

ఇప్పుడు ఆ చిన్న పనులే యంత్రం చేస్తోంది.

యంత్రం చేయగలిగింది, చేయలేనిది

2021 జూన్‌లో గిట్‌హబ్ కోపైలట్ ప్రయోగాత్మకంగా వచ్చింది. ప్రోగ్రామర్ ఒక వరుస మొదలుపెడితే తర్వాతి వరుసలను అది సూచించేది. 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చింది. 2025 నాటికి కర్సర్, క్లాడ్ కోడ్ వంటి పరికరాలు మరో అడుగు వేశాయి. ఏం కావాలో మామూలు మాటల్లో చెబితే ఫైళ్లు వెతికి, కోడ్ రాసి, తామే టెస్టులు నడిపి, తప్పు వస్తే దిద్ది మళ్లీ నడుపుతాయి. మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల, తమ మైక్రోసాఫ్ట్‌లోని కొన్ని ప్రాజెక్టుల్లో 20 నుంచి 30 శాతం కోడ్ సాఫ్ట్‌వేరే రాస్తోందని 2025 ఏప్రిల్‌లో చెప్పారు.

ఈ యంత్రాలు ఎలా పనిచేస్తాయో స్థూలంగా తెలుసుకుంటే భయమూ తగ్గుతుంది, భ్రమా తగ్గుతుంది. మనుషులు ఇంతకాలం రాసిపెట్టిన కోట్లాది వరుసల కోడ్‌ను, పుస్తకాలను, ప్రశ్నోత్తరాలను చదివి, ఫలానా మాట తర్వాత ఏ మాట రావడానికి అవకాశం ఎక్కువో అవి లెక్కగట్టుకుంటాయి. నలుగురూ నడిచిన దారిలో అవి వేగంగా నడుస్తాయి. ఎవరూ నడవని చోట కూడా అంతే ధీమాగా అడుగు వేస్తాయి. లేని ఫంక్షన్‌ను ఉన్నట్టే పిలుస్తాయి. చూడటానికి అందంగా ఉన్న కోడ్‌లో భద్రతా లోపం వదిలేస్తాయి. అడగనిది అడిగినట్టు ఊహించుకుంటాయి.

కొలిచి చూసినవాళ్ల ఫలితాలు కూడా రెండు వైపులా ఉన్నాయి. జావాస్క్రిప్ట్‌లో ఒక చిన్న సర్వర్‌ను మొదటి నుంచి రాయమన్న ప్రయోగంలో కోపైలట్ వాడినవాళ్లు దాదాపు 56 శాతం త్వరగా ముగించారు. 2025లో మెటర్ అనే అమెరికా పరిశోధన సంస్థ మరో రకంగా పరీక్షించింది. ఏళ్ల తరబడి తాము సాకుతున్న పెద్ద ప్రాజెక్టుల్లో 16 మంది అనుభవజ్ఞులకు 246 పనులు ఇచ్చింది. ఏఐ పరికరాలు వాడినప్పుడు వాళ్లకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. తాము 20 శాతం వేగంగా చేశామని మాత్రం వాళ్లు నమ్మారు. ఆ తర్వాత పరికరాలు మెరుగుపడ్డాయి, ఇంకా పడతాయి. ఆ అంకెలు రేపు మారవచ్చు. అందులోని హెచ్చరిక మాత్రం మారదు. వేగంగా వెళ్తున్నామన్న అనుభూతి వేరు, వేగంగా వెళ్లడం వేరు. చేయి తిరిగినవాళ్లే ఆ రెంటి తేడా కనిపెట్టలేకపోయారు. అప్పుడే చేరినవాళ్లకు అది ఇంకా కష్టం.

మరి ఉద్యోగాల మాట? స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిక్ బ్రిన్యోల్ఫ్‌సన్, మరో ఇద్దరు 2025 ఆగస్టులో ఒక పత్రం ప్రకటించారు. అమెరికాలో జీతాల పట్టీలను పరిశీలించి, 22 నుంచి 25 ఏళ్ల మధ్య సాఫ్ట్‌వేర్ డెవలపర్ల సంఖ్య 2022 చివరి నాటి గరిష్ఠ స్థాయి నుంచి 2025 జులైకి దాదాపు 20 శాతం పడిపోయిందని తేల్చారు. వయసులో పెద్దవాళ్ల ఉద్యోగాలు అలా పడిపోలేదు. పూర్వం విషవాయువును పసిగట్టడానికి బొగ్గుగనుల్లోకి తీసుకెళ్లిన కెనరీ పిట్టల పేరు ఆ పత్రానికి పెట్టారు. కరోనా కాలంలో లెక్కకు మించి తీసుకున్న నియామకాలు, తర్వాత పెరిగిన వడ్డీ రేట్లు కూడా ఈ తగ్గుదలకు కారణాలేనని వాదించేవాళ్లు ఉన్నారు. వాళ్ల వాదనను కొట్టిపారేయలేం. మన దేశంలో 2025 జులైలో టీసీఎస్ 12 వేల మందికి పైగా, అంటే తన ఉద్యోగుల్లో సుమారు రెండు శాతం మందిని తగ్గించుకుంటున్నట్టు ప్రకటించినప్పుడు, దానికి కారణం ఏఐ కాదని, నైపుణ్యాలు పొసగకపోవడమని కంపెనీ చెప్పింది. అక్కడ దెబ్బ ఎక్కువగా తగిలింది మధ్యస్థాయి, పైస్థాయి వాళ్లకు. కాబట్టి అన్నింటినీ ఒక్క యంత్రం మీదికి నెట్టడం సరికాదు. అయినా పిరమిడ్ అడుగు పలచబడుతోందన్నది క్యాంపస్ నియామకాల కోసం ఎదురుచూస్తున్న ప్రతి విద్యార్థికీ తెలుస్తూనే ఉంది. ఒకప్పుడు ఆరుగురు ఫ్రెషర్లు చేసిన పనిని ఇద్దరు అనుభవజ్ఞులు యంత్రంతో చేయగలిగితే, కంపెనీ ఆ ఇద్దరినే పెట్టుకుంటుంది. ఆ ఇద్దరు రిటైరైన నాడు వాళ్ల చోటికి ఎవరు వస్తారన్నది ఈ మూడు నెలల లాభనష్టాల పట్టికలో కనిపించదు.

సింగరేణి మనకు చెప్పినది

ఇలాంటి మలుపును మన నేల ఇంతకుముందే చూసింది. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, శ్రీరాంపూర్ వాళ్లకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. 1990ల మొదట్లో సింగరేణి బొగ్గుగనుల్లో లక్షకు పైగా కార్మికులు ఉండేవారు. బొగ్గు ఏటా రెండు కోట్ల టన్నుల చుట్టుపక్కల వచ్చేది. 2023-24లో ఏడు కోట్ల టన్నులు తీశారు. కార్మికులు దాదాపు 40 వేలు. బొగ్గు మూడింతలు దాటింది, మనుషులు సగం కన్నా తగ్గారు. భూగర్భ గనుల్లో బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్ యంత్రాలు దిగాయి. ఓపెన్‌కాస్టుల్లో షావెళ్లు, డంపర్లు వచ్చాయి. తట్ట, చెమ్మసు పట్టి టబ్బులు నింపిన కోల్ ఫిల్లర్లు క్రమంగా కనుమరుగయ్యారు.

ఆ తట్టా చెమ్మసు పని మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు. నడుములు విరిగాయి, ఊపిరితిత్తులు పాడయ్యాయి. యంత్రం ఆ కష్టాన్ని తీసేసింది, మంచిదే. సాఫ్ట్‌వేర్‌లో కూడా రాత్రంతా కూర్చుని ఒకే రకం ఫారాలు రాసే చాకిరీని యంత్రం తీసుకుంటే నేను సంతోషిస్తాను. నేను ఈ పరికరాలు రోజూ వాడతాను. వాటిని వద్దనే ఉద్దేశం నాకు లేదు.

సింగరేణిలో నష్టం జరిగింది గేటు దగ్గర. లోపల ఉన్న కార్మికుడికి యూనియన్ ఉంది, ఒప్పందాలు ఉన్నాయి, స్వచ్ఛంద పదవీ విరమణ పేరుతో చేతిలో ఎంతోకొంత పెట్టి పంపారు. గేటు బయట నిలబడ్డ ఇరవై ఏళ్ల కుర్రవాడికి ఏదీ లేదు. బదిలీ వర్కర్‌గా చేరి, మస్టర్లు నింపుకుని, పర్మినెంటై, ఒక్కో పనీ నేర్చుకుంటూ పైకి వెళ్లే దారి మూసుకుపోయింది. వారసత్వ ఉద్యోగాలు ఏళ్ల తరబడి ఆగి, కారుణ్య నియామకాలుగా కొంతమేరకే తిరిగి వచ్చాయి. ఓపెన్‌కాస్టుల్లో బొగ్గు మీది ఓబీ మట్టి తీసే పని కాంట్రాక్టర్ల చేతికి వెళ్లింది. మనలో చాలా ఇళ్లలో పిల్లలు సాఫ్ట్‌వేర్ వైపు తిరిగింది ఆ గేటు మూసుకున్నాకనే. ఇప్పుడు ఈ రెండో గేటు దగ్గర కూడా వాళ్లే నిలబడి ఉన్నారు.

గనిలోంచి మనం తీసుకోవాల్సిన రెండో పాఠం ఇంకా విలువైనది. గనిలో భద్రత చూసే సర్దార్ పైకప్పును కర్రతో తట్టి చూస్తాడు. గట్టి రాయి ఒక రకంగా పలుకుతుంది, పట్టు వదిలిన రాయి బోలుగా పలుకుతుంది. ఆ శబ్దం తేడా తెలిసిన చెవి మీద కింద పనిచేసే అందరి ప్రాణాలూ ఆధారపడి ఉంటాయి. యంత్రం రాసిన కోడ్‌ను చదివే ఇంజనీరు చేయాల్సిన పని సరిగ్గా ఇదే. పైకి అంతా నునుపుగా కనిపిస్తుంది. ఎక్కడ తట్టాలో, తడితే ఏం వినాలో అతనికి తెలియాలి. ఆ చెవి ఎవరికీ పుట్టుకతో రాదు, కింద గడిపిన ఏళ్లతోనే వస్తుంది. చిన్న బగ్‌లు సరిచేసిన ఏళ్లు లేకుండా పెద్ద తప్పును పట్టే ఇంజనీరు తయారు కాడు. ఆ ఏళ్లను తీసేసి, నేరుగా పర్యవేక్షకుడివి కమ్మని పిల్లవాడికి చెప్పడం న్యాయం కాదు.

గని చట్టాలకు ఈ సంగతి తెలుసు. 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నియమాల ప్రకారం శిక్షణ ఇవ్వకుండా ఎవరినీ గనిలో పనికి దించకూడదు. సింగరేణి ప్రాంతాల్లో వృత్తి శిక్షణ కేంద్రం, వీటీసీ అంటే పిల్లలకు కూడా తెలుసు. కింద పనిచేసిన అనుభవం చూపనిదే సర్దార్, ఓవర్‌మన్ సర్టిఫికెట్లు రావు. యంత్రాలు ఎన్ని వచ్చినా ఆ నియమాలు తీసేయలేదు. ప్రాణాలతో ముడిపడ్డ పని కాబట్టి, నేర్చుకునే కాలం కూడా పనిలో భాగమేనని చట్టం ఒప్పుకుంది. సాఫ్ట్‌వేర్ ఇవాళ ఆసుపత్రి రికార్డులను, బ్యాంకు ఖాతాలను, రైతు పట్టాలను నడుపుతోంది. అందులో కూడా తప్పు జరిగితే మనుషుల బతుకులే కూలుతాయి. అయినా నేర్చుకునేవాడి కాలానికి మా వృత్తిలో ఆచరణలో ఏ రక్షణా లేదు.

ఆదిలాబాద్ మార్కెట్‌లో, గుంజాలలో

యంత్రం కోడ్ రాస్తుంటే మనిషికి మిగిలేదేమిటని విద్యార్థులు అడుగుతారు. మన జిల్లాల్లోంచే రెండు ఉదాహరణలు చెబుతాను.

ఆదిలాబాద్ పత్తి మార్కెట్ మీకు తెలుసు. 2025 సీజన్ నుంచి భారత పత్తి సంస్థ సీసీఐకి పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో ముందుగా స్లాట్ బుక్ చేసుకోవాలి. ఆ సీజన్‌లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు ఉండేది. తేమ 8 శాతం లోపు ఉంటే పూర్తి ధర, 12 శాతం దాకా కోత, అది దాటితే కొనరు. ఇలాంటి యాప్‌ను కోడ్‌గా రాయడం ఇవాళ యంత్రానికి పెద్ద పని కాదు. ఆ యాప్ ఎవరికి ఎలా పనిచేయాలో తేల్చడమే పెద్ద పని. కౌలుకు చేసే రైతు పేరు భూమి రికార్డులో ఉండదు, అతని పత్తి ఎవరి పేరున వెళ్తుంది? స్మార్ట్‌ఫోన్ లేని ముసలాయనకు ఓటీపీ ఎవరి ఫోన్‌కు రావాలి? స్లాట్ దొరికిన రోజు ఉదయమే వాన కురిసి తేమ పెరిగితే, ఆ స్లాట్ మార్చుకునే వీలుండాలా వద్దా? బేల, జైనథ్ మండలాల్లో పత్తి పండించే ఇంట్లో పుట్టిన అమ్మాయికి ఈ ప్రశ్నలు అడగాలని తోస్తుంది. ఎవరైనా అడిగితే యంత్రం జవాబు రాస్తుంది. అడగకపోతే ఆ రైతు ఉన్నాడన్న సంగతే దానికి తెలియదు.

రెండోది, నార్నూర్ మండలం గుంజాల. అక్కడి గోండుల ఇళ్లలో పదిలంగా ఉన్న రాతప్రతులు జయధీర్ తిరుమలరావు గారి వంటి పరిశోధకుల కృషితో వెలుగులోకి వచ్చాయి. ఆ లిపి 2018 జూన్‌లో యూనికోడ్ 11లో చేరింది. అంటే ప్రపంచంలోని ఏ కంప్యూటర్‌లోనైనా గుంజాల గోండి అక్షరానికి ఒక శాశ్వతమైన స్థానం ఏర్పడింది. దాని వెనక ఊరి పెద్దలు, భాషావేత్తలు, లిపి నిపుణులు, ఫాంట్ తయారుచేసేవాళ్లు కలిసి కూర్చున్న కృషి ఉంది. ఎక్కువమంది రాసిన దాన్నుంచి నేర్చుకునే యంత్రం, కొద్దిమందికే తెలిసిన లిపిని తనంత తానుగా పట్టించుకోదు. గోండి, కొలామి భాషల్లో పాఠాలు, నిఘంటువులు, మాటను అక్షరంగా మార్చే పరికరాలు ఇంకా ఎన్నో కావాలి. ఆ పని అమెరికా నుంచి ఎవరో వచ్చి చేయరు. ఉట్నూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ చదివిన గోండు పిల్లలకు అంతకన్నా తగిన పని ఏముంటుంది?

ఈ రెండు ఉదాహరణల్లో మనిషి విలువ ఒకే చోట ఉంది. సమస్య ఎవరిదో, అది ఎక్కడ నొప్పి పెడుతోందో తెలిసి ఉండటం దగ్గర. ఆ తెలివి మన పిల్లలకు ఇంట్లోనే ఉంది. దానికి వృత్తి నైపుణ్యం తోడు కావాలి. ఆ నైపుణ్యం అబ్బేందుకే పని నేర్చుకునే చోటు కావాలి.

చేయాల్సిన పనులు

మొదట ప్రభుత్వం. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం మనకు ఉంది. ముప్పై మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు తమ బలగంలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలని దాని కింది నియమాలు చెబుతున్నాయి. పట్టభద్రుల స్టైపెండులో కొంత వాటా కేంద్రం భరిస్తుంది. ఫ్యాక్టరీల కోసం పుట్టిన ఈ చట్టాన్ని సాఫ్ట్‌వేర్‌లో మనసుపెట్టి అమలు చేయాలి. రాష్ట్ర ప్రభుత్వం, సింగరేణి, మున్సిపాలిటీలు, విశ్వవిద్యాలయాలు ఏటా సాఫ్ట్‌వేర్ పనులకు టెండర్లు పిలుస్తాయి. ప్రతి టెండర్‌లో ఒక షరతు పెట్టాలి: ఈ పనిలో ఇంతమంది స్థానిక అప్రెంటిస్‌లు ఉండాలి, వాళ్లకు నేర్పే అనుభవజ్ఞుడైన ఇంజనీరు ఒకరు ఉండాలి, వాళ్లు రాసిన కోడ్‌ను ఆ ఇంజనీరు చదివి దిద్దాలి. కరీంనగర్ ఐటీ టవర్‌లో ఎన్ని చదరపు అడుగులు అద్దెకు పోయాయో లెక్కపెట్టుకోవడం కన్నా, అందులో ఏటా ఎంతమంది పని నేర్చుకుని బయటికి వచ్చారో లెక్కపెట్టడం మేలు.

తర్వాత కాలేజీలు. మన రాష్ట్రంలో ఇంజనీరింగ్ సీట్లలో సగానికి మించి కంప్యూటర్ సైన్స్, దాని అనుబంధ కోర్సులవే. సీట్లు పెరిగినంత వేగంగా నేర్పేవాళ్లు పెరగలేదు. ల్యాబ్ రికార్డులో కోడ్ ఎక్కించి మార్కులు వేసే పద్ధతికి ఇక అర్థం లేదు, ఆ కోడ్ యంత్రం అర నిమిషంలో ఇస్తుంది. మొదటి రెండేళ్లు పిల్లలు చేత్తో రాసి, తప్పు చేసి, ఎర్రర్ చదివి దిద్దుకోవాలి. తర్వాతి రెండేళ్లు యంత్రంతో పనిచేయించుకోవడం, అది రాసినదాన్ని పరీక్షించడం నేర్చుకోవాలి. మార్కులు వైవాలో ఉండాలి. ఈ వరుస తీసేస్తే ఏమవుతుంది, ఇక్కడ సున్నా వస్తే ఏమవుతుంది అని అడిగి, జవాబు విని మార్కులు వేయాలి. బాసర ట్రిపుల్ ఐటీలో పదో తరగతి పూర్తయిన పల్లెటూరి పిల్లలకు ఆరేళ్ల కాలం ఉంది. అంత కాలం చేతిలో ఉన్న విద్యాసంస్థ ఈ ప్రాంతంలో మరొకటి లేదు. ఈ మార్పు అక్కణ్నుంచే మొదలుకావాలని కోరుతున్నాను.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. బ్యాక్‌డోర్ ఉద్యోగం ఇప్పిస్తామని, దొంగ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామని లక్షలు అడిగేవాళ్లు మీ దగ్గరికి వస్తారు. దయచేసి పొలం అమ్మి వాళ్ల చేతిలో పోయకండి. అలా లోపలికి వెళ్లిన పిల్లవాడు మొదటి నెలలోనే దొరికిపోయే రోజులివి. యంత్రం ఉన్న చోట, తెలియనిది తెలిసినట్టు నటించడం ఇంకా కష్టం. ఆ డబ్బుతో ఒక మంచి కంప్యూటర్, ఇంటర్నెట్ ఇప్పించి, ఒక ఏడాది ఓపిక పట్టండి.

చివరగా విద్యార్థులు. మీకు ఎదురైన కాలం మా తరానికి ఎదురైనదాని కన్నా కష్టమైనది. అది మీ తప్పు కాదు. రెండక్షరాలు వచ్చిన ప్రతివాణ్నీ పిలిచి ఉద్యోగమిచ్చిన రోజుల్లో మేం వచ్చాం. మీకు ఆ అదృష్టం లేదు. కానీ మాకు లేనిది మీ చేతిలో ఒకటుంది. అర్ధరాత్రి ఏ సందేహం అడిగినా విసుక్కోకుండా చెప్పే యంత్రం ఉంది. దాన్ని హోంవర్కు చేసిపెట్టే కూలీగా వాడితే మీకు మిగిలేది ఏమీ ఉండదు. గురువుగా వాడితే మీ మొదటి చోటులో కొంత మీరే కట్టుకోగలుగుతారు. ముందు మీరు రాయండి, తర్వాత దాన్ని రాయమనండి, రెండూ పక్కపక్కన పెట్టి ఎక్కడ తేడా వచ్చిందో, ఎందుకు వచ్చిందో తేల్చుకోండి. ఎవరో రాసిన పాత కోడ్ రోజూ కొంత చదవండి. మీ ఊళ్లో ఒక్కరికైనా నిజంగా పనికొచ్చేది ఒకటి తయారుచేయండి. మార్కెట్‌కు పత్తి తోలే మీ చిన్నాయనకు అది ఎలా పనిచేస్తుందో, ఎప్పుడు పనిచేయదో తెలుగులో వివరించండి. ఆయనకు అర్థమయ్యేలా చెప్పగలిగిన నాడు మీకు కూడా అర్థమైనట్టు.

మీరు ఎంత సాధన చేసినా అది ఒక్కటే చాలదు. గురుకులాలు, నవోదయలు పిల్లల పట్టుదల చూసి వాటంతట అవి వెలిసినవి కావు. ప్రభుత్వం డబ్బు పెట్టి, స్థలం చూసి, ఉపాధ్యాయులను పెట్టి నిలబెట్టింది. చదువుకు చేసిన ఆ పని ఇప్పుడు వృత్తికి కూడా చేయాలి. ఈ హాల్లో కాలేజీలు నడిపేవాళ్లు ఉన్నారు, టెండర్లు పిలిచే అధికారులు ఉన్నారు, మన ఊళ్ల నుంచి వెళ్లి కంపెనీల్లో నియామకాలు నిర్ణయించే స్థాయికి చేరినవాళ్లు ఉన్నారు. మీలో ప్రతి ఒక్కరూ మరొకరి దగ్గర పని నేర్చుకుని ఈ స్థానానికి వచ్చినవారే. వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోపు మీ చేతి కింద ఎంతమంది కొత్తవాళ్లకు జీతమిచ్చి పని నేర్పగలరో లెక్క వేసుకోండి. ఆ లెక్కను ఈ ఊరి ముందు ప్రకటించండి. పి.వి. పేరు మీద సభ పెట్టుకున్న మనం ఆయనకు చెల్లించాల్సిన బాకీ అది.